దత్తానుతాపము – ధర్మపురి నరసింహశతకము

ఆంధ్రశతకవాఙ్మయమున దైవమును స్తుతించిన పద్యములను గూర్చి జరిగిన చర్చ విస్తారము. దైవమును దూఱిన పద్యములను గూర్చి జరిగినది స్వల్పము. దూఱిన చోట్ల కెల్ల నిందాస్తుతి యని పేరు పెట్టి, కువలయానందమందలి వ్యాజస్తుతిలక్షణమును స్మరించి ముగించుట పరిపాటి యైనది. లక్షణము సరియైనదే. కాని యొక్క పేరు క్రింద మూఁడు వేఱువేఱు మనోవృత్తులు దాఁగియున్నవి. భక్తి సడలకయే స్వామితోఁ బరిహాసమాడువాఁ డొకఁడు. ఇచ్చిన ధనమునకు లెక్క యడిగి కన్నీరు పెట్టువాఁ డొకఁడు. దేవళములకును గురువులకును బెట్టినదంతయు వ్యర్థమని త్రోసిపుచ్చి వెలికి నడచినవాఁ డొకఁడు. ఈ మువ్వురను నొక్క యలంకారమునఁ గట్టివేయుట న్యాయము గాదు. ఇచ్చినదానికై వగచుట, అనఁగా దత్తానుతాపము, ఈ మువ్వురయందును నెట్లు పలికినదో పరిశీలించుటకు ధర్మపురి శేషప్పకవి రచించిన నరసింహశతకము తగిన యాధారము.

ధర్మపురి గోదావరీ దక్షిణతీరమునఁ గరీంనగరసీమలో వెలసిన నృసింహక్షేత్రము. 2016లో జిల్లాలు పునర్విభక్తములైన నాఁటినుండి జగిత్యాల జిల్లాలోఁ జేరినది. నది కావలి యొడ్డు పూర్వపు టాదిలాబాదు జిల్లా. శేషప్ప తన సీసపద్యముల నీ క్షేత్రస్వామికే యంకితముగాఁ జెప్పెను. తనకు గణయతిప్రాసల లక్షణము తెలియదనియు, పంచకావ్యములు చదువలేదనియు, అమరము చూడలేదనియు నాతఁడు మొదటనే చెప్పుకొనెను. ఇది వినయోక్తి యని కొంద ఱందురు. వినయోక్తియే యైనను దానివలన నొక ప్రయోజనము కలదు: ఈ కవి శ్రోతలు సభలలోని పండితులు గారు, గుడికి వచ్చి మ్రొక్కు చెల్లించి పోవు గృహస్థులు. వీధిబడులలో నీ శతకము కంఠస్థమై నిలుచుటకు నిదియే కారణము.

దత్తానుతాపమునకు సంబంధించిన పద్యములలో నొకటి స్వామి గృహవ్యయమును లెక్కించును. పాన్పైన శేషుఁడు గాలి మేసి బ్రతుకును. వాహనమైన గరుత్మంతుఁడు పాములఁ గొఱికి పొట్ట నింపుకొనును. ఇల్లాలైన లక్ష్మి దినదినము పేరంటములకుఁ దిరుగును. ఇఁక స్వామికి భక్తులు పిలిచి పూజలు చేసి పక్వాన్నములు పెట్టుదురు. తిండి సుఖముగా జరుగుచున్నది. చేతి సొమ్ము మాత్రము చిల్లిగవ్వ యైనఁ గదలదు. మఱియొక పద్యమున బలియొద్ద బిచ్చమెత్తుటకును, శబరి పండ్లకుఁ జేయి చాఁచుటకును, విదురుని యింటి విందునకును, కుచేలుని యటుకులకును సిగ్గుపడవైతి వేమని కవి స్వామిని బ్రశ్నించును. భక్తులకుఁ బెట్టవలసినవాఁడే భక్తుల తిండి కాశపడి వచ్చెనని యెత్తిపొడుచును.

ఆలంకారికుల సమాధానము సులభము. శేషుని వాయుభక్షణము తపస్సు; గరుడుని సర్పభక్షణము ప్రకృతిధర్మము; లక్ష్మి యింటింటికిఁ దిరుగుట యామె యనుగ్రహము; భక్తుల నైవేద్యమును గొనుట స్వామి సౌలభ్యము. కావున నింద వాచ్యము, స్తుతి వ్యంగ్యము. ఈ వ్యాఖ్య తప్పు గాదు గాని చాలదు. కవి యెన్నుకొన్న మాటలు పరిశీలింపఁదగినవి. స్వామి భోజనమునకు నైవేద్యమని గాని యారగింపని గాని యనక గ్రాసమని కవి యనెను. గ్రాసము జీతగానికిని బశువునకును గొలిచి పెట్టునది. ధనమునకు నిధి యని గాని సంపద యని గాని యనక కాసు అనెను. కాసు పేదవాని కొంగున ముడివడియుండునది. లక్ష్మీదేవి సంచారమునకుఁ బేరంట మనెను. పేరంటము పొరుగింటివారి వ్యయముతో జరుగునది. ఈ మూఁడు మాటల స్థానమున గౌరవపదములు నిలిపినచో వ్యాజస్తుతి చెడదు. కాని పద్యము చచ్చిపోవును. అలంకారము చెడకుండఁగనే పద్యము చచ్చిపోవునేని పద్యమునకుఁ బ్రాణ మలంకారమున లేదన్నమాట. ఆ ప్రాణము వ్యయమును భరించినవాని లెక్కలో నున్నది. దేవుని యింటి ఖర్చును దాము మోయుచున్నామని యెఱిఁగిన జనుల నిట్టూర్పు హాస్యముగా మాఱి యీ పద్యమునఁ బలికినది.

అట్లని శేషప్ప విశ్వాసము సడలినవాఁడా యన్నచోఁ గాఁడని చెప్పవలయును. అందులకు సాక్ష్య మీ శతకముననే యున్నది. ఒక పద్యమున నాతఁడు మానవవ్యాపారముల ప్రయోజనములను వరుసగా నెన్నును. విద్య యన్నవస్త్రములకొఱకు, పశువులు పాలకొఱకు, సైన్యము శత్రుజయముకొఱకు. ఆ వరుసలోనే దానమును గూడఁ జేర్చి, యది రాఁబోవు జన్మమునకుఁ గూడఁబెట్టుకొనుట యనును. కోరిక లేని భక్తి యొక్కటియే ముక్తికొఱకని ముగించును. వేఱొక పద్యమునఁ దాను స్వామిని ద్రవ్యము గాని, భూములు గాని, పల్లకి గాని యడుగలేదనియు, మోక్షమొక్కటి చాలుననియుఁ జెప్పును. ఇంకొక చోట, ధనము తల్లిగర్భమునుండి యెవఁడును దేఁడనియు, పోవునప్పుడు కొనిపోఁడనియు, ధర్మము చేయక దాఁచినది దొంగలకో దొరలకో చెల్లుననియు హెచ్చరించును.

ఈ పద్యములను విడివిడిగాఁ జదివినప్పుడు కవి దాన మీయుమని యొకచోటను, దానము గొనువానిని బరిహసించి యొకచోటను బరస్పరవిరుద్ధముగాఁ బలికినట్లు తోఁచును. కలిపి చదివినప్పుడు విరోధము తొలఁగును. శేషప్ప దృష్టిలో దానము లెక్కకుఁ జెందినది. భక్తి లెక్కకు వెలుపలిది. దానమునకు జమయుఁ గలదు, ఖర్చుఁ గలదు. కావునఁ దత్సంబంధమైన పరిహాసమునకుఁ దా వున్నది. భక్తికి జమాఖర్చులు లేవు; కావున నది నష్టపోవుట కెడము లేదు. వ్యయమును గూర్చి స్వామి నెంత దూఱినను భక్తి చెక్కుచెదరక యుండుట కిదియే రహస్యము. నిందాస్తుతి యను పేరుకంటె నీ వివేకమే యీ కవిని గూర్చి విద్యార్థులకు ముందుగాఁ జెప్పఁదగినది.

ఐనను నొక లోపము చెప్పక తప్పదు. ఈ పద్యములలోఁ బెట్టువారు భక్తులు, తినువాఁడు స్వామి. నడుమ నర్చకుఁడు లేఁడు, ధర్మకర్త లేఁడు, మ్రొక్కుబడులు వసూలు చేయువాఁడు లేఁడు. శిలావిగ్రహము తినదని కవి యెఱుఁగును, శ్రోత యెఱుఁగును. తినువా రెవ్వరను ప్రశ్న మాత్రము పద్యమునఁ బుట్టదు. ఈ లోపము స్పష్టమగుటకు దూరదేశపు టుదాహరణ మొకటి తోడ్పడును. 1517లో జర్మనీదేశమున మార్టిన్ లూథరు, పాపపరిహారపత్రములను విక్రయించి రోమునగర దేవాలయమునకు ధనము కూర్చుటను నిరసించుచుఁ దొంబదియైదు ప్రతిపాదనములు ప్రకటించెను. వానిలో నెనుబదియాఱవది, ధనికులలోఁ బ్రసిద్ధుఁడైన క్రాససుకంటె సంపన్నుఁడగు పోపు పేదభక్తుల ధనమునకు మాఱుగాఁ దన సొమ్ముతోనే యా దేవాలయము నేల కట్టింపఁడని జనులడుగు ప్రశ్నను జూపును. నలువదిమూఁడవది, పత్రములు కొనుటకంటె దరిద్రునకుఁ బెట్టుట మేలని బోధింపవలయు ననును. స్వామిచేతి కాసు కదలదన్న శేషప్ప మాటకు నీ ప్రశ్నకును బోలిక యాశ్చర్యకరము. భేద మొక్కటే: లూథరు ప్రశ్న మధ్యవర్తిని బట్టుకొన్నది, శేషప్ప ప్రశ్న దైవమునే పట్టుకొన్నది. మధ్యవర్తిని బట్టుకొన్న ప్రశ్న సంఘమును రెండుగాఁ జీల్చినది. దైవమును బట్టుకొన్న ప్రశ్న నవ్వై, పాటమై, బాలుర నోళ్ల నిలిచినది. దైవముపైఁ దెచ్చిన వ్యాజ్యమునకు న్యాయాధిపతియు దైవమే. అట్టి వ్యాజ్యము తెచ్చువాఁడు విశ్వాసమును వీడుట పొసఁగదు.

రెండవ మనోవృత్తికిఁ గంచెర్ల గోపన్న, అనఁగా భద్రాచల రామదాసు, నిదర్శనము. అబుల్ హసన్ తానీషా 1672లో గోలకొండ సింహాసనమెక్కిన పిదప గోపన్న పాలువంచ పరగణాకుఁ దహసీలుదారై, వసూలైన రాజద్రవ్యముతో భద్రాద్రి రామునకు దేవాలయము నిర్మించి నగలు చేయించి, చెఱసాలఁ బడినట్లు ప్రసిద్ధి. ఆతఁడు చెఱలోనుండి చెప్పిన కీర్తనలలో నొకటి నగల జాబితా. సీతమ్మ పతకము, లక్ష్మణుని పతకము, శత్రుఘ్నుని మొలత్రాడు, రాముని తురాయి, వానికైన వరహాలు, ఈ కులుకు నీ తండ్రి యిచ్చిన సొమ్ముతోనా, నీ మామ పంపిన సొమ్ముతోనా యను నిలదీఁత. కడపట దెబ్బల కోర్వలేక తిట్టితినని క్షమాపణము.

శేషప్ప నవ్విన చోట రామదాసేల యేడ్చెను? కారణము మనఃస్థితి యొక్కటియే కాదు. శేషప్ప వేఱు చేసిన దానభక్తులను రామదా సేకము చేసెను. ఆతని భక్తి నగలలోఁ గరఁగి పోఁతపోసికొన్నది. కావున నగల లెక్క యడిగినప్పుడు భక్తియే లెక్కకు లోఁబడెను. దీనికిఁ దోడు, వ్యయమైన ధన మాతనిది గాదు. అస్వతంత్రుఁడిచ్చిన దానము దానము గాదని ధర్మశాస్త్రము. కావున నాతని మొఱ తన సొమ్ము పోయినదని కాదు. తనది కాని సొమ్ము తనపై ఋణమై కూర్చున్నదని. ఈ మర్మ మెఱిఁగియే జనశ్రుతి యీ కథకొక ముగింపు కల్పించినది: రామలక్ష్మణులే యాఱులక్షల వరహాలు తానీషాకుఁ జెల్లించి రసీదు పుచ్చుకొనిరఁట. ఇది చరిత్రయా కాదా యనుట యిచ్చటఁ బ్రధానము గాదు. లెక్క తీఱనిదే కథ ముగియదని జనులు భావించుటయే ప్రధానము. శేషప్ప చెప్పిన కాసు కదలని స్వామి, రామదాసు కథలో బాకీ తీర్పవలసివచ్చెను.

మూఁడవ మనోవృత్తికి వేమనను జూపుట వాడుక. రాళ్లకుఁ బెట్టుటను, కపటగురువులకు దక్షిణ లర్పించుటను, ఆడంబరములైన వ్రతములను వేమన పేర నున్న పద్యములు తీవ్రముగా ఖండించును. 1829లో బ్రౌనుదొర ప్రకటించిన నాఁటినుండి వీనిని గుఱించి యెన్నో విమర్శలు వెలువడినవి. ఇచ్చట గమనింపవలసిన విషయ మొకటి. వేమన పద్యములలో నిచ్చువాఁడు తెలివిమాలినవాఁడు, పుచ్చుకొనువాఁడు వంచకుఁడు, ఇద్దఱును బరులే. తాను నమ్మి యిచ్చి మోసపోయినవాని స్వరము, తన కాసును దాను దలఁచుకొని క్రుంగినవాని స్వరము, వానిలో బహుదుర్లభము. వేమన తీర్పరి, బాధితుఁడు గాఁడు.

ఇట్లు చూడఁగా మన వాఙ్మయమున నొక పీఠము ఖాళీగా నున్నది. నిండుమనసుతో నిచ్చి, పిమ్మట విశ్వాసము వీడి, ఇచ్చినదానికై వగచినవాని మాట శతకములలోఁ గానరాదు. శేషప్ప వగచెను గాని విశ్వాసము వీడలేదు. రామదాసు కుమిలెను గాని విశ్వాసము వీడలేదు. వేమన పద్యములు విశ్వాసమును ద్రోసిపుచ్చినను దాతవలె వగవవు. ఇట్టి మనుష్యులు మన దేశమున లేకుండిరా? ఉండిరని చెప్పుటకు ధర్మశాస్త్రములే చాలును. మనువు చెప్పిన పదునెనిమిది వివాదపదములలో దత్తానపకర్మ యొకటి. ధర్మకార్యమునకని యాచించినవానికిఁ గొంత ధన మీయఁగా, ఆ ధన మట్లు వినియుక్తము గానిచో నది యీయఁదగినది గాదని మనువచనము. నారదస్మృతి యదత్తములను, అనఁగా నిచ్చినను నీయనివాని క్రింద లెక్కింపఁదగినవానిని, పదునాఱు విధములుగా నెన్నినది. భయక్రోధశోకములకు లోఁబడి యిచ్చినది, వంచనవలన నిచ్చినది, ఆర్తుఁ డిచ్చినది, ప్రతిలాభ మపేక్షించి యిచ్చినది, అపాత్రుని బాత్రుఁడని నమ్మి యిచ్చినది, అధర్మకార్యమును ధర్మకార్యమనుకొని యిచ్చినది వానిలోనివి. వ్యాధి భయమునఁ జెల్లించిన మ్రొక్కును, కొడుకు పుట్టునను నాశతో వేసిన ముడుపును, కపటగురువున కిచ్చిన దక్షిణయు నీ పట్టికకు దూరములు గావు. విజ్ఞానేశ్వరుఁడు మితాక్షరలో దత్తాప్రదానికప్రకరణమున నీ విషయమును జర్చించెను. ఆ గ్రంథమును గేతన పదుమూఁడవ శతాబ్దిలోనే తెనుఁగుపద్యములకుఁ దెచ్చెను. దాతల యనుతాపము విరివిగా లేనిచో దానికై శాస్త్ర మింత శ్రమపడి యుండదు.

అనఁగాఁ గావ్యమున లేని స్వరము వ్యవహారమునఁ గలదు. అన్యదేశములందును నిట్లే కానవచ్చును. ఇంగ్లండులో ఆల్కార్డు అను స్త్రీ యొక సన్యాసినీసంఘమునఁ జేరి, దారిద్ర్యవ్రతము పూని, తన యాస్తిని సంఘాధిపురాలగు స్కిన్నరున కర్పించెను. అధిపురాలి యనుమతి లేక వెలుపలివారి సలహా యడుగరాదని యచ్చటి నియమము. 1879లో నామె సంఘమును వీడి వేఱొక క్రైస్తవశాఖలోఁ జేరెను. 1885లోఁ దన ధనమునకై వ్యాజ్యము వేసెను. 1887లో నప్పీలు న్యాయస్థానము, అనుచితప్రాబల్యమున నిచ్చినదగుటచే నామె దానిని మరల గోరఁదగియుండెడిదే యనియు, కాని యన్నియేండ్లు మిన్నకుండుటచే హక్కు పోయినదనియుఁ దీర్పు చెప్పెను. నమ్మినవారు నమ్మిక వీడిన పిమ్మటఁ బలుకుటకు నేల జాగు చేయుదురో యీ తీర్పు చదివినవారి కూహ్యము. ఇచ్చినది మరల నడుగుట సిగ్గు. మోసపోతినని యొప్పుకొనుట మఱింత సిగ్గు. మన గ్రామములందుఁ గాన్క నడిగి పుచ్చుకొన్నవాఁడు కుక్కయై పుట్టునను వెఱపుఁ గూడ దానికిఁ దోడగును. శతకములు విడిచిన పీఠము ఖాళీ యగుట కీ సిగ్గును నీ వెఱపును గారణములు గావచ్చును.

ఈ వెఱపు నుద్దేశపూర్వకముగా నాటినవి శాసనములు. దేవబ్రాహ్మణభూముల నపహరించువాఁడు పురుగై పుట్టునను శాపశ్లోకములు దానశాసనముల తుదను దఱచుగాఁ గానవచ్చును. శత్రురాజులను గూర్చియే యివి వ్రాయఁబడినవని తలఁచుట పొరపాటు. తానిచ్చినదానిని గాని యన్యులిచ్చినదానిని గాని హరింపరాదని యందు స్పష్టముగా నుండును. కావున దాతకు మనసు మాఱవచ్చు ననియు, దాత సంతతికి విశ్వాసము మాఱవచ్చు ననియు శాసనకర్త ముందుగనే శంకించెను. దత్తానుతాపమునకు మన ప్రాంతమునఁ గల ప్రాచీనసాక్ష్య మా శాపమే. అది యనుతాపమును జెప్పదు, చెప్పవలదని నోరు మూయించును.

ఆ శంక వ్యర్థము గాదని కరీంనగరసీమ చరిత్రయే చూపుచున్నది. వేములవాడ చాళుక్యుల కాలమున నీ సీమ జైనమతమునకుఁ బట్టుగొమ్మ. బద్దెగుఁడు లేంబులపాటకమున, అనఁగా వేములవాడలో, శుభధామ జినాలయమును గట్టించెను. ఆతని కొడుకు అరికేసరి శ.స. 888లో, అనఁగాఁ గ్రీ.శ. 966లో, యశస్తిలకకర్త సోమదేవసూరి కా జినాలయము నిమిత్తమొక గ్రామ మిచ్చినట్లు పర్భణీ తామ్రశాసనము చెప్పును. నేఁడు వేములవాడ రాజరాజేశ్వరస్వామి క్షేత్రము. జనులు కోడె మ్రొక్కు చెల్లించునది శివునకు. జినాలయమున కిచ్చినవారి మనుమలు తాతల దానమును దలఁచి గర్వించిరో, వగచిరో, మఱచిరో చెప్పు శాసన మొక్కటియు లేదు. రాతికిఁ బుణ్యము చెప్పుట తెలియును, శాపము చెప్పుట తెలియును. పశ్చాత్తాపము చెప్పుట తెలియదు.

వేములవాడకు దూరము గాని కుఱిక్యాల గ్రామమున బొమ్మలగుట్టపై, పంపకవి తమ్ముఁడు జినవల్లభుఁడు పదియవ శతాబ్దిలోఁ దన ధనముతో జినబింబములను, చక్రేశ్వరిని జెక్కించి, శాసనము వ్రాయించెను. ఆ శాసనమునఁ దెనుఁగు కందపద్యములు మూఁడున్నవి. అవి మనకు లభించిన యతిప్రాచీన కందములని పరిశోధకులు వానిని జూచుటకై గుట్ట యెక్కుదురు. వారిలోఁ జక్రేశ్వరికి మ్రొక్కువా రరుదు. దాత యే విశ్వాసముతో నిచ్చెనో యా విశ్వాస మా గుట్టనుండి తొలఁగినది. ఇచ్చినదానిలోఁ దెనుఁగువారికి మిగిలినది యా పద్యములు. దాత కోరిన పుణ్య మెట్టిదో యెవరును లెక్కింపఁజాలరు గాని యీ లాభ మాతఁ డూహింపనిది.

కావున నిచ్చినది వ్యర్థమయ్యెనా యను ప్రశ్నకుఁ గవులును శాస్త్రకారులును వేఱువేఱు తీర్పులు చెప్పిరి. పాత్రునకు ధర్మముకొఱకుఁ దెలిసి యిచ్చినదే దానమని శాస్త్రము. దానము వేఱు, భక్తి వేఱు అని శేషప్ప. లెక్క తీర్పుమని రామదాసు. ఈ భేదము లెఱుఁగక నిందాస్తుతి యను నొక్క మాటతో వీరిని బాఠశాలలో నొప్పగించుట విద్యార్థికిఁ జేయు నన్యాయము. ఆ నవ్వు వెనుకఁ గాసు కాసు కూడఁబెట్టి హుండీలో వేసిన గృహస్థునకుఁ జేయు నన్యాయ మింకను గొప్పది. స్వామి యింటి ఖర్చును లెక్కించిన పద్యమును జెప్పునప్పుడు వ్యాజస్తుతిలక్షణముతోఁ బాటు గ్రాసము, కాసు, పేరంటము అను మాటల విలువయుఁ జెప్పవలయును. ఆ ఖర్చు మోసినవా రెవ్వరని పిల్లఁ డడిగినచో వాని నోరు మూయింపక శతకమందలి దానపద్యములను జేర్చి చదివింపవలయును.